జపాను కళలును మన గ్రామ కళామందిరములును

ఒక జాతియొక్క కళ వేరొక జాతికి సంక్రమించుటకు మూడు మార్గములు కలవు. మొదటిది వర్తకము, రెండవది రాజ్యబలము, మూడవది గురుశిష్యసంబంధము. వర్తకమువలన వస్తువు వచ్చును గాని దాని వెనుకనున్న విద్య రాదు. రాజ్యబలమువలన విద్య వచ్చినను దానితో భయమును దాస్యమును గూడ వచ్చును. గురువును శిష్యుడును ఒక్క చాపపై గూర్చుండి, ఒకరి చేతిపని నొకరు చూచుచు, తప్పులు దిద్దుకొనుచు నేర్చినప్పుడే పరాయి కళ మన యింటి సొత్తగును. ఈ మూడు మార్గములందును జపానుదేశము మన యాంధ్రతీరమును దాకినది. ఆ చరిత్రమును సంగ్రహముగ చెప్పి, దానినుండి ఆలమూరువంటి కోనసీమ గ్రామములు గ్రహింపదగిన దేమో విచారించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

వర్తకమును ముందు చెప్పుదము. 1605వ సంవత్సరమున డచ్చివారు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. తరువాత పాలకొల్లు, ద్రాక్షారామము, కాకినాడ జగన్నాథపురము మొదలగు గోదావరీతీరపు తావులందును వారి కోఠీలు వెలసినవి. ఈ తీరమున నేసి యద్దకము వేసిన నూలుబట్టలు వారి యోడలకెక్కి తూర్పుసముద్రములు దాటి జపాను చేరుచుండెను. 1641 మొదలుకొని జపాను ప్రభువులు డచ్చివారిని నాగసాకి రేవునందలి దెషిమా యను చిన్న లంకలో మాత్రమే యుండనిచ్చిరి. దేశమంతయు ప్రపంచమునకు తలుపులు మూసికొనియున్న యా కాలమున గూడ కోరమండల తీరపు అద్దకపు బట్ట ఆ యొక్క గవాక్షముగుండ లోపలికి బోయినది.

జపానీయులు దానికి 'సరస' యని పేరిడిరి. అది దొరకుట యరుదు గనుక వారు దానిని బంగారువలె దాచుకొనిరి. టీ సత్కారమును కళగా సాధించిన గురువులు తమ టీపొడి భరిణెలకు ఆ బట్టతో సంచులు కుట్టించుకొనిరి. మిగిలిన చిన్న ముక్కలను సైతము పుస్తకములం దతికించి తరతరములు కాపాడిరి. అచ్చటి యద్దకపువారు మన బట్టను ముందు పెట్టుకొని యట్టిదానినే చేయబూనిరి. చిరివేరుతో నెరుపు నెక్కించు మన పద్ధతిని చెప్పు గురువు వారికి లేడు. కావున కాగితపు అచ్చుతెరలతోను, తమకు దొరకిన రంగులతోను తంటాలుపడి 'వాసరస', అనగా జపాను సరస, యను వేరొక యద్దకమును కల్పించుకొనిరి. వారి పట్టుదల మెచ్చదగినదే. కాని వర్తకమార్గముయొక్క లోపము కూడ నిందే కనబడుచున్నది. బట్ట యోడ దాటినది; బట్ట వేసినవాని నేర్పు దాటలేదు. ఇటు తమ బట్ట యే దేశమున నే భరిణెకు సంచియైనదో తెలిసికొను నవకాశము మన యద్దకపువారికి గలుగలేదు. రెండు జాతులును ఒకరి చేతిపని నొకరు ముట్టుకొని, ఒకరి ముఖము నొకరు చూడకయే రెండువందల యేండ్లు గడపిరి.

ఇంతకంటె పురాతనమైన సంబంధ మొకటి కలదు. అది జ్ఞానసంబంధము. కృష్ణాతీరమున శ్రీపర్వతముతో పేరు పెనవేసికొన్న ఆచార్య నాగార్జునుని జపాను బౌద్ధులు 'ర్యూజు' అను పేర, ఎనిమిది శాఖలకును మూలగురువని నేటికిని కొలుచుచున్నారు. ఎనిమిదవ శతాబ్దమున బోధిసేనుడను భారతీయభిక్షువు చీనామీదుగ జపాను చేరెను. 752వ సంవత్సరమున నారా నగరమందలి తొదాయిజి యాలయమున మహాబుద్ధవిగ్రహమునకు కన్నులు దిద్దు నుత్సవము జరిగినది. ఆ కన్నులు దిద్దుటకు చక్రవర్తి కాదు, మంత్రి కాదు, బోధిసేనుడు నియుక్తుడయ్యెను. ఆయన పట్టిన కుంచెకు పొడవైన త్రాడు కట్టిరి. సభలోనివారు ఆ త్రాటిని పట్టుకొని నిలిచిరి. కుంచె కదలినప్పుడు త్రాడు కదలినది. త్రాటిని బట్టినవా రందరును కన్ను దిద్దినవారే యైరి. ఆ కుంచెయు, ఆ త్రాడును నారాలోని షోసోయిన్ కోశాగారమున నేటికిని భద్రముగ నున్నవి. కళను పదిమంది పంచుకొనుట యన నేమో తెలియగోరువారికి దీనికంటె మంచి నిదర్శనము మేము చూపజాలము. కుంచె పట్టుట యొక్కనికే సాధ్యము. త్రాడు మాత్రము పదిమందికి నందవలెను.

ఇక నవీనకాలమునకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దపు చివర జపానుదేశము పాశ్చాత్యవిద్యలను వేగముగ నలవరచుకొనుచు తన పూర్వకళలను తానే చిన్నచూపు చూచు స్థితికి వచ్చెను. ఆ ప్రవాహమునకు ఎదురు నిలిచినవారిలో ఒకాకురా కకుజో ముఖ్యుడు. ఆయన తోక్యో కళాశాలకు అధ్యక్షుడై పనిచేసి, 1898లో దానిని విడిచి, తన శిష్యులతో గూడి జపాను కళాపరిషత్తును స్థాపించెను. పాతదానిని పాతదిగనే దాచుట గాక, దానియందు క్రొత్త ప్రాణము పోయుట వారి సంకల్పము. 1902 తొలిదినములలో ఒకాకురా భారతదేశమున నుండి, వివేకానందస్వామితో బుద్ధగయ దర్శించి, కలకత్తాలో ఠాగూరు కుటుంబమువారితో స్నేహము చేసెను. ఆసియా జాతుల నాగరకతల కన్నిటికి నంతర్గతమైన యైక్యము కలదని వాదించు ఆయన గ్రంథము 1903లో లండనున వెలువడెను. దానికి సోదరి నివేదిత పీఠిక వ్రాసినది.

గ్రంథముకంటె నెక్కువ ఫలించినది ఆయన పంపిన మనుష్యులు. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో యను నిరువురు యువచిత్రకారులు ఒకాకురా ప్రేరణమున కలకత్తా వచ్చి కొన్ని నెల లుండిరి. వీరు తమ దేశమున నింకను పూర్తిగ మన్ననకు వచ్చినవారు కారు. రేఖను విడిచి రంగుల మెలకువచేతనే గాలిని, మంచును, వెలుగును చూపబూనినందుకు అచ్చటి విమర్శకులు వీరి పద్ధతిని 'మసకతీరు' అని యెగతాళి చేయుచుండిరి. స్వదేశమున నెగతాళికి పాత్రమైన యా పద్ధతియే భారతదేశమున నొక నవయుగమునకు బీజమగుట విచిత్రము.

అవనీంద్రనాథ ఠాగూరు తైకాన్ పనిచేయుచుండగ ప్రక్కన గూర్చుండి చూచెను. తైకాన్ వెడల్పైన కుంచెను నీట ముంచి చిత్రముమీద నడుమనడుమ తడి పూయుచుండెను. అవనీంద్రుడు దానినే మరి యొకయడుగు ముందునకు గొనిపోయి కాగితమునంతయు నీటిలో ముంచెను. రంగు పూయుట, ఆరనిచ్చుట, నీట ముంచుట, మరల రంగు పూయుట, ఈ క్రమము పలుమారులు సాగగా, పైపైనున్న రంగు నీటిలో పోయి, మిగిలినది కాగితపు పీచులోనికి దిగి, చిత్రమంతట నొక మెత్తని కాంతి వ్యాపించును. 'వాష్' పద్ధతి యని పేరుపొందిన దిదియే. ఇందు జపాను వారి దెంత, అవనీంద్రుని దెంత యని విడదీయుట కష్టము. నేర్చినవాడు నేర్చినదానిని నేర్చినట్లే యుంచక తన చేతికి తగినట్లు మార్చుకొనుటయే నిజమైన స్వీకారము.

ఇచ్చినవారు తీసికొనకయు పోలేదు. తైకాన్ స్వదేశమునకు మరలి, 1909లో భారతస్త్రీలు నదిలో దీపములు విడుచు దృశ్యమును చిత్రించెను. ఆ పటము జపానున ప్రఖ్యాతమైనది. కార్తికమాసమున గౌతమిలో అరటిదొప్పలపై దీపములు విడుచు మన స్త్రీలకు ఆ పటము పరాయిదిగ దోచదు. జపానీయులు సయితము పితృదేవతల పండుగనాడు నీటిపై దీపములు విడుతురు. భారతదేశమున చూచిన దీపమున ఆ చిత్రకారుడు తన యింటి దీపమునే గుర్తించెనేమో!

ఈ రాకపోకలు ఒక్కసారితో ముగియలేదు. 1905లోనే సానో జిన్నొసుకె యను జపానీయుడు శాంతినికేతనమున జూడో మల్లవిద్యను బోధించెను. 1916లో రవీంద్రుడు జపాను వెళ్లి వచ్చిన తరువాత అరాయి కంపో యను చిత్రకారుడు కలకత్తా వచ్చి, జొరాసంకోలోని ఠాగూరుల యింట 'విచిత్ర' యను కళాసంఘమున కుంచెపని నేర్పెను. ఆయన అజంతాకు బోయి యచ్చటి కుడ్యచిత్రములకు ప్రతులు వ్రాసెను. పిమ్మట జపానున హోర్యూజి యాలయపు కుడ్యచిత్రములకు ప్రతులు వ్రాయు పనిలోనుండియే 1945లో మరణించెను. ఆ యాలయపు చిత్రములు అజంతా చిత్రములకు దూరపుబంధువులని కళావేత్తల యభిప్రాయము. 1949 జనవరి 26వ తేదీన నిప్పంటుకొని యవి దగ్ధమాయెను. ఆ యనర్థము కనులు తెరిపింపగా, మరుసటి సంవత్సరమే జపాను ప్రభుత్వము సంస్కృతీసంపద రక్షణకు శాసనము చేసినది. ఆ శాసనపు బలముననే తరువాతి కాలమున గోడలను, విగ్రహములనేగాక, చేతిలో విద్యగల కుమ్మరిని, నేతగానిని, అద్దకపువానిని సయితము జాతిసంపదగ గుర్తించి పోషించు నాచార మేర్పడినది.

ఈ ప్రవాహము ఆంధ్రదేశమునకు నెట్లు వచ్చినదో చూతము. 1905లో రష్యాపై జపాను గెలుపును, అదే సంవత్సరమున వంగవిభజనమును మన యువకుల హృదయముల గలచివేసినవి. 1907లో బిపిన్ చంద్రపాలుడు విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, మచిలీపట్టణములందు ప్రసంగించి జాతీయవిద్యయొక్క యావశ్యకమును చాటెను. ఆ వేడి చల్లారకముందే కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. పుస్తకవిద్యతోబాటు నేత, వడ్రంగము మొదలగు చేతిపనులును, చిత్రలేఖనమును నేర్పుట ఆ విద్యాలయముయొక్క విశేషము. చదువుకొన్నవాడు చేతిపని చేయరాదనియు, చేతిపనివానికి చదువు రాదనియు నెంచు మన సంఘమున నది సామాన్యమైన సాహసము కాదు.

1922 ప్రాంతమున వంగచిత్రకారుడు ప్రమోదకుమార ఛట్టోపాధ్యాయుడు ఆ కళాశాలకు చిత్రకళాచార్యుడుగ వచ్చెను. అవనీంద్రుడు వంగదేశమున నెలకొల్పిన సంప్రదాయమే ఆయన సంప్రదాయము. తైకాన్ చేతినుండి అవనీంద్రుని చేతికిని, వంగచిత్రకారుల చేతినుండి ఆంధ్రబాలకుల చేతికిని కుంచె యందినది. మచిలీపట్టణపు బట్ట జపానుకు బోయిన దారి వర్తకుల దారి. జపాను కుంచె మచిలీపట్టణమునకు వచ్చిన దారి గురువుల దారి. మొదటిదానికంటె రెండవది యెంతయో చిన్న దారియైనను, అది నిలిపినది మనుష్యులను. అడివి బాపిరాజుగారు ప్రమోదకుమారుని శిష్యులై, చిత్రకారులుగను, నవలాకర్తలుగను, కవులుగను తెలుగుజాతికి పరిచితులై, 1934 మొదలు 1939 వరకు ఆ జాతీయ కళాశాలకే యధ్యక్షులై పనిచేసిరి. శిష్యుడు గురుస్థానమున గూర్చుండుటకంటె విద్య వేరుదన్నినదనుటకు సాక్ష్యము మరేమి కావలెను?

అయినను ఈ చరిత్రమున నెచ్చరిక కూడ కలదు. వాష్ పద్ధతి వంగదేశమున కాలక్రమమున నొక మూసగ మారినది. ఎవరు వ్రాసినను అదే మసక, అవే వాలుకన్నులు, అదే విషాదము. చూచినదానిని వదలి గురువు చూచినదానినే చూచు నలవాటు ప్రబలినది. ఆ కాలముననే రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారు వేరు త్రోవ త్రొక్కిరి. కళాశాలాధ్యక్షుడైన ఆస్వల్డు కూల్డ్రేదొర ప్రోత్సాహమున బొంబాయిలో చదివి వచ్చి, గోదావరితీరపు మనుష్యులను, వారి దేహచ్ఛాయను, స్ఫుటమైన రేఖతో చిత్రించి, స్వస్థలమున చిత్రకళాశాల నొకదానిని నెలకొల్పి, 1925లో ఇరువదెనిమిదవ యేటనే మశూచికముచే మరణించిరి. బాపిరాజుగారును కూల్డ్రేదొరకు శిష్యులే. ఒక్క గురువు నీడనుండి బయలుదేరిన యిరువురును రెండు దారుల బోయి యుభయులును తెలుగువారుగనే నిలిచిరి. పరాయిపద్ధతిని గ్రహించుటయు, తిరస్కరించుటయు గాదు ముఖ్యము. గ్రహించిన తరువాత తన కన్నుతో తాను చూడగలుగుట ముఖ్యము.

రెండవ మార్గమగు రాజ్యబలమును గూర్చియు చెప్పక తప్పదు. జపాను కళను పొగడువారు జపాను సామ్రాజ్యమును గూర్చి మౌనము వహించుట న్యాయము గాదు. 1910లో జపాను కొరియాను మ్రింగినది. 1916లో రవీంద్రుడు తోక్యో నగరముననే నిలిచి, పాశ్చాత్యుల జాతిగర్వమును, బలపూజను అనుకరింపవలదని జపానీయులను హెచ్చరించెను. మొదట సత్కరించినవారే యా మాటలు విని ముఖము చాటుచేసిరి. 1938లో చీనాపై దండయాత్రను సమర్థించుచు నొగూచి యను జపానుకవి వ్రాసిన లేఖకు రవీంద్రుడు కఠినమైన ప్రత్యుత్తర మిచ్చెను. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఒకప్పుడు మన బట్టను బంగారువలె దాచుకొన్న దేశమే, మనకు కుంచె నందించిన దేశమే, ఆ బట్టల నోడలకెక్కించిన కాకినాడపై నిప్పు గురిపించినది. కళయున్న జాతి క్రూరత్వము చేయదనుకొనుట వట్టి భ్రమ. కళ ప్రజల చేతినుండి జారి, ప్రభుత్వపు బాకాగ మారినప్పుడు, టీ సత్కారమును బాంబువిమానమును ఒక్క జెండాక్రిందనే యిమిడిపోవును. అట్లని తైకాన్ నేర్పిన కుంచెను గంగలో పారవేయుటయు తెలివిగాదు. కళాసంపర్కమును రాయబారుల విందులకును, జెండాల ప్రదర్శనములకును విడువక, గ్రామప్రజల చేతులలో నుంచుకొనవలెననునదియే 1942వ సంవత్సరము మనకు చెప్పు పాఠము.

ఈ పాఠమును జపానీయులే మనకంటె ముందు నేర్చిరి. యుద్ధమున నోడి, నగరములు బూడిదయై, తిండికి కరవైన 1946లో, ఆ దేశపు విద్యాశాఖ ఊరూర 'కోమిన్కాను'లు, అనగా పౌరుల మందిరములు, నెలకొల్పుకొనుడని ప్రజలను ప్రోత్సహించినది. 1949లో సామాజికవిద్యాశాసనము వానికి చట్టపు బలమిచ్చినది. ఆ మందిరములందు పుస్తకములుండును, సభలు జరుగును, స్త్రీలు, వృద్ధులు, యువకులు చేరి పూలకూర్పు, కుంచెవ్రాత, టీ సత్కారము, వంట, జానపదగానము నేర్చుకొందురు. పాత సామ్రాజ్యమున పైనుండి క్రిందికి దిగుచుండిన సంస్కృతిని, ఊరివారు తామే నడుపుకొను వ్యవహారముగ మార్చుట ఆ ప్రయత్నముయొక్క సారము. మన గ్రామములకు జపానునుండి దిగుమతి చేసికొనదగిన మొట్టమొదటి కళ, మా యభిప్రాయమున, పూలకూర్పు గాదు, కుంచెవ్రాత గాదు. ఈ మందిరమును నడుపు కళయే.

ఇది మన కపరిచితమును గాదు. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము 1914లోనే సంఘరూపము దాల్చినది. ఆ యుద్యమమునకు జీవమిచ్చిన అయ్యంకి వెంకటరమణయ్యగారు తూర్పుగోదావరి సీమలోని కొంకుదురున జన్మించినవారు. పడవలపై పుస్తకములు గొనిపోయి కాలువగట్ల గ్రామములకు పంచిన జాతి మనది. పుస్తకము పంచినట్లే చేతివిద్యను పంచుట యా యుద్యమమునకు సహజమైన తరువాతి మెట్టు. ఆ మెట్టును మన మెక్కలేదు.

ఎక్కకపోవుటచే కలిగిన ఫలమును చూడుడు. ఆలమూరునకు పొరుగుననే కడియము, కడియపులంక నర్సరీలు దేశప్రసిద్ధములు. అందు బోన్సాయి చెట్లు పెంచి యమ్ముచున్నారు. కొమ్మకు తీగ చుట్టి వంచుట, వేరు కత్తిరించుట మనవారికి తెలియును. మొక్క పెంచు నేర్పులో వారు జగజ్జెట్టీలు. చీనాలో పుట్టి జపానున పెరిగిన యా కళయం దొక చెట్టును తండ్రి కొడుకునకును, కొడుకు మనుమనికిని అప్పగించు నాచారము కలదు. ఆ తొట్టిలోని ఖాళీస్థలము కూడ చెట్టువలెనే చూడదగినదని వారు తలంతురు. ఈ సంగతులు తొట్టితో గూడ రాలేదు. ధర మాత్రము వచ్చినది. అట్లే చేతిలోని ఫోనున జపాను బొమ్మల చలనచిత్రములను రాత్రింబవళ్లు చూచు బాలబాలికలు ప్రతి గ్రామమునను కలరు. ఆ బొమ్మలలోని రేఖ యే సంప్రదాయమునుండి పుట్టినదో వారికి చెప్పువారు లేరు. పెన్సిలు చేతికిచ్చి గీయింపువారు అంతకంటెను లేరు. డచ్చివారి కాలపు వర్తకమే మరల వచ్చినది. వస్తువు చేరుచున్నది, విద్య చేరుటలేదు. వ్యత్యాస మొక్కటే: నాడు మనము అమ్మినవారము, నేడు కొనువారము.

కావున ఆలమూరువంటి గ్రామమున కళామందిర మొకటి యేర్పడినచో దాని నియమము లెట్లుండవలెనో మాకు దోచినది చెప్పెదము. అందు మొదటిది చూపుటకంటె చేయించుట ముఖ్యమనుట. సంవత్సరమునకొక ప్రదర్శనము పెట్టి, అతిథులకు మాలలు వేసి, పటములు దించుకొనుట కళాప్రచారము గాదు. ఒక్క విద్యను ఒక్క గురువు ఆరునెలలు విడువక నేర్పిన, పదిమందిలో నిద్దరికైన నది యంటును. తైకాన్ కలకత్తాలో నున్నది కొన్ని నెలలే. కాని అవనీంద్రుడు ప్రక్కన గూర్చుండి చూచెను.

రెండవది, ప్రతి పరాయికళ సరసన దాని చెల్లెలి వంటి మన కళ నొకదానిని గూర్చుండబెట్టవలెను. జపాను పూలకూర్పు బుద్ధునికి పూలు సమర్పించుటనుండి పుట్టినది. దానిని మన ముగ్గులు, మన పూలజడలు కట్టు స్త్రీలతో గలిపి నేర్పవలెను. జపానీయులు వరిగడ్డితో పేనిన త్రాళ్లను ఆలయములకును, నూతన సంవత్సరమున గుమ్మములకును కట్టుదురు. మన రైతులు వరికంకులతో కుచ్చు లల్లి పిచ్చుకలకై చూరున వ్రేలాడగట్టుదురు. వారికిని చాప కలదు, మనకును తుంగచాప కలదు. అద్దకము నేర్వగోరువారికి జపాను అచ్చుతెరతోబాటు పెడన యద్దకపువాని కలమును, అచ్చుదిమ్మెను గూడ చూపవలెను. మగ్గము చూడగోరువారికి బండారులంక యెంతో దూరము గాదు. పోలిక కన్ను తెరిపించును. తనకున్నదానిని చూడనివాడు పరాయిదానిని గూడ చూడలేడు.

మూడవ నియమమే అన్నిటికంటె కఠినమైనది. మందిరపు తలుపు అందరికి దెరచియుండవలెను. జపాను టీగృహపు ద్వారము మిక్కిలి చిన్నది. ఎంతటి వీరుడైనను ఖడ్గము బయట విడిచి, తలవంచి, మోకాళ్లపై లోనికి బోవలెను. పదునారవ శతాబ్దమున సెన్ నో రిక్యూ యను గురువు స్థిరపరచిన మర్యాద యిది. లోపల హెచ్చుతగ్గులు లేవని దాని భావము. ఆ దేశమున సయితము కొన్ని వృత్తులవారిని అంటరానివారిగ నుంచిరి; 1871లో శాసనముచే నా భేదమును రద్దుచేసినను మనస్సులలో నది చిరకాలము నిలిచినది. చిన్న ద్వార మొక్కటియే సంఘమును బాగుచేయదని దీనివలన తెలియుచున్నది. మనవద్ద నేత యొక కులమువారికి, అద్దక మొకరికి, తోలుపని యొకరికి, డప్పు మరియొకరికి కట్టుబడి, పని మెచ్చబడినను పనివాడు అరుగు దిగువనే నిలుచుచుండెను. 2022లో అంబేద్కరుగారి పేర నేర్పడిన జిల్లాలోని మందిరమున ఆ యరుగు మరల వెలయరాదు. డప్పు నేర్పువాడును, కుంచె నేర్పువాడును ఒక్క చాపపై గూర్చుండవలెను. బాలికలకు బాలురతో సమానమైన వేళయు, సమానమైన విద్యయు నుండవలెను. 1929లో శాంతినికేతనమునకు వచ్చిన తకగాకి యను జూడో గురువునొద్ద బాలికలును మల్లవిద్య నేర్చిరి. అది జరిగి నూరేండ్లు కావచ్చుచున్నది. మన గ్రామములందు ఆటస్థల మింకను మగపిల్లలదిగనే యున్నది.

ఇందుకు రెండు ఆక్షేపణలు రావచ్చును. మన కళలకే దిక్కులేనప్పుడు జపాను కళ లేల యని కొందరందురు. జపాను కుంచె వచ్చినందుననే బాపిరాజుగారి చేతిలో తెలుగు చిత్రకళ చిగిర్చినదని చరిత్రము చెప్పుచున్నది. పొరుగువాడు వచ్చినప్పుడే యిల్లు ఊడ్చుకొను స్వభావము మనుష్యులకు కలదు. పరాయికళ వచ్చిన యింట స్వంతకళ దుమ్ము దులుపుకొనును. పొట్టగడవనివారికి పూలకూర్పు లెందుకని మరికొంద రందురు. 1946లో జపాను గ్రామీణులకు పొట్ట గడచుచుండలేదు. చేతికి పనియు, మనస్సుకు నిలుకడయు నిచ్చు విద్య కలిగినవాని వేడుక గాదు, లేనివాని యాధారము. అయితే యొక జాగ్రత్త కావలెను. జపానున టీ, పూల విద్యలు వంశపారంపర్య పీఠముల యధీనమై, పట్టమునకు పట్టమునకు రుసుము చెల్లింపవలసిన వ్యవహారముగ నున్నవి. గురుపీఠముల బరువు మనకును క్రొత్తగాదు. ఆ భాగమును మాత్రము మనము దిగుమతి చేసికొన పనిలేదు.

పెద్ద భవన మక్కరలేదు. గ్రామమున నొక గ్రంథాలయపు గదియో, బడి వదలిన తరువాత దాని వసారాయో చాలును. చాపలు, నీళ్లకుండ, కాగితము, కుంచెలు, కత్తెర, గంపెడు వరిగడ్డి యున్న పని ప్రారంభింపవచ్చును. గురువులను వెదకుటయే కష్టము. శాంతినికేతనమున 1994లో వెలసిన నిప్పాన్ భవనమువంటి విద్యాస్థానములనుండి నేర్చినవారిని పిలువవచ్చును. మన నగరములందలి జపానుభాషా విద్యార్థులను వేసవిలో గ్రామములకు రప్పింపవచ్చును. వచ్చినవారు వట్టిచేతులతో పోరాదు. వారికి మన యద్దకమును, మన నేతను, మన ముగ్గును నేర్పి పంపవలెను. ఇచ్చుట లేని పుచ్చుకొనుట యాచన యగును గాని సంపర్కము గాదు.

బోధిసేనుని కుంచెకు త్రాడు గట్టిననాడు ఆ త్రాటిని బట్టినవారిలో చిత్రకారు లెందరుండిరని యెవరును లెక్కించియుండరు. అందరును చిత్రకారులు గానక్కరలేదు. కుంచె కదలినప్పుడు తమ చేతిలోను కదలిక కలిగినదని వారెరుగుదురు, అది చాలును. మన గ్రామములందు కుంచెలు లేకపోలేదు. త్రాడు పేనువారే కావలసియున్నారు. ఆలమూరు యువకులు, యువతులు ఈ పనికి పూనుకొందురుగాక యని మా ప్రార్థన.